గుడ్డ కట్టిన గుమ్మం

"నిజం చెప్పు. ఆ రోజు గుడ్డ కట్టింది నువ్వే కదా?"

పొద్దుట్నుంచీ అన్న ఇదే మాట అడుగుతున్నాడు. చెల్లెలు జవాబు చెప్పడం లేదు. గడప మీద కూర్చుని, తెగిపోయిన చెప్పు పట్టీని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

వంటగదిలో వదిన గిన్నెలు తోముతోంది. ఆ చప్పుడు వింటేనే ఆవిడ ఎవరి పక్షమో తెలుస్తోంది.

వాళ్ల నాన్న రేకు కొట్టే ఇనుప దాగలి ముందు కూర్చుని ఉన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. రేకు పెట్టె మూతకి అంచు మడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"బిల్డరు అర్జీ మీద నువ్వు సంతకం పెట్టావని తెలిసింది. ఊరుకున్నాను," అన్నాడు అన్న. "నీకు పైన గది కావాలి. ఆశపడ్డావు. ఆశపడితే తప్పని నేననను. కానీ గుడ్డతో ఆడుకున్నావు చూడు, అది నేను మరిచిపోలేను."

"మరిచిపోకు," అంది చెల్లెలు.

అంతే. మళ్లీ పట్టీ వేలికి చుట్టుకుంది.

పెద్దాయన సుత్తి ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత పడింది.

ఆ వీధి రేకు పనివాళ్లది. పెట్టెలు, గరాటులు, బకెట్లు, పొగగొట్టాలు చేస్తారు. షట్టర్లు లేచిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా సుత్తుల మోతే. కింద పని, వెనక కాపురం. ప్లానింగ్ ఆఫీసు వాళ్ల పటంలో అది పనుల వీధి. పనుల వీధిలో కొత్తగా కాపురానికి గది వేసుకోనివ్వరు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి.

బిల్డరు వచ్చి దాన్ని ఇళ్ల వీధిగా మార్చమని అర్జీ పెట్టాడు. మారితే ఎవరి ఇంటి మీద వాళ్లు అంతస్తు వేసుకోవచ్చు. సుత్తులు మాత్రం ఎక్కడికైనా పోవాలి.

కూతురికి కావలసింది ఆ అంతస్తే. ఆమె భర్త ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఎప్పుడూ రాత్రి డ్యూటీ. పగలు పడుకుంటాడు. ఊరికి ఆ చివర అద్దె ఇంట్లో ఉంటారు. మా పుట్టింటి మీద గది వేసుకుందాం, వస్తావా అని ఆమె అడిగింది. సుత్తులు లేకపోతే వస్తానన్నాడు. మంచివాడే. పగలు పడుకునేవాడు ఇంకేమంటాడు.

ఈ సంగతి విన్న రోజు సాయంత్రం పెద్దాయన నిచ్చెన వేసుకుని మేడ మీదికి ఎక్కాడు. ఎందుకు ఎక్కారు మామయ్యా అని కోడలు అడిగితే, కాకి ఏదో పడేసినట్టుందన్నాడు. మేడ మీద కాకీ లేదు, అది పడేసిందీ లేదు. ఆయన పాదాలతో ఇటు నుంచి అటు కొలుచుకున్నాడు. మంచం ఇక్కడ పడుతుంది. కిటికీ ఇటు పెడితే పొద్దుటి ఎండ వస్తుంది. పిల్లకి చిన్నప్పట్నుంచీ పొద్దుటి ఎండ ఇష్టం.

చీకటి పడేదాకా దిగలేదు.

ఇక గుడ్డ సంగతి. ఆ వీధిలో ప్రతి గుమ్మం పక్కనా ఒక మేకు ఉంటుంది. మేకుకి ఎర్రగుడ్డ ముక్క వేలాడుతుంది. ఇంట్లో జ్వరం వచ్చినా, పురుడు వచ్చినా, ఎవరైనా పోయినా ఆ గుడ్డ తీసి తలుపు గొళ్లేనికి కడతారు. అది కనబడితే వీధంతా సుత్తులు దించుతుంది. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ గొణగరు. కట్టినవాళ్లే విప్పాలి. వాళ్లు విప్పాకే మళ్లీ పని. తాతల నాటి నుంచి ఇంతే.

పోయినవారం ప్లానింగ్ ఆఫీసు వాళ్లు వీధి చూడడానికి వచ్చారు. ఆ పూట పెద్దాయన గుమ్మానికి గుడ్డ ఉంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నిశ్శబ్దం. వచ్చినవాళ్లు నడిచారు, చూశారు, వెళ్లిపోయారు. ఇక్కడ పనులేమీ సాగడం లేదని రాసుకున్నారు. పనులు లేని చోట పనుల వీధి ఎందుకని బిల్డరు లాయరు పట్టుకున్నాడు.

ఆ పూట కొడుకు పెట్టెలు దింపడానికి ఊళ్లోకి వెళ్లాడు. కోడలు బజారుకి వెళ్లింది. ఇంట్లో ఉన్నది తండ్రీ కూతురూ. కూతురు ఏదో పనిమీద ఇటు వచ్చి, కాసేపు ఉండి వెళ్లింది. ఒంట్లో బాగాలేని వాళ్లెవరూ లేరు.

అందుకే అన్న అడుగుతున్నాడు.

వదిన చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. భర్త మీద ఒక చూపు, ఆడపడుచు మీద ఒక చూపు వేసింది.

"నిన్ను ఇంట్లో వద్దన్నానా నేనెప్పుడైనా?" అంది. "వచ్చినప్పుడల్లా ఆ వెనక గది మంచం దులిపి పెడతాను. నీ దిండు వేరే ఎవరికీ వెయ్యను. గది కావాలంటే నాతో చెప్పలేకపోయావా? నేను ఈయన తల తినేదాన్ని. ఇద్దరం కలిసి తింటే ఈయన ఎన్నాళ్లు ఆగేవాడు?"

చెల్లెలికి నవ్వు వచ్చినంత పని అయింది. ఆపుకుంది.

"ఈయన తల తింటే ఆఫీసు వాళ్లు గది వేసుకోనిస్తారా వదినా," అంది.

"అది సరే. గుడ్డ మాట చెప్పు."

చెల్లెలు తండ్రి వైపు చూసింది. తండ్రి రేకు వైపు చూశాడు.

"నాన్నా, మీరైనా అడగండి దాన్ని," అన్నాడు కొడుకు.

పెద్దాయన మూత తిప్పి, అంచు వేలితో తడిమి, పక్కన పెట్టాడు.

"అర్జీ మీద విచారణకి టైమవుతోంది," అన్నాడు. "పదండి."

ప్లానింగ్ ఆఫీసులో పెద్ద హాలు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి ఎవరికి తగులుతోందో తెలియదు. ఒక పక్క, వీధి వెనక కొత్తగా లేచిన ఫ్లాట్ల వాళ్లు కూర్చున్నారు. ఒక పక్క వీధివాళ్లు. కూతురు ఏ పక్కా కూర్చోలేదు. వెనక గోడకి ఆనుకుని నిలబడింది. పెద్దాయన కూర్చున్నాక, మెడ తిప్పితే కనిపించేంత దూరంలో.

ముందు బల్ల దగ్గర కమిటీ. మధ్యలో అధ్యక్షురాలు. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, కళ్లద్దాల కోసం బల్లంతా వెతికింది. పక్కాయన చెబితే తెలిసింది. ఆవిడ ముందు చిన్న గంట ఉంది. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే టైము, గంట మోగితే కూర్చోవాలి అని చెప్పింది.

ముందు ఫ్లాట్ల వాళ్లు మాట్లాడారు. ఒకావిడ తన బిడ్డకి పరీక్షలని, పుస్తకం తెరిస్తే సుత్తి మొదలవుతుందని చెప్పింది. ఇంకొకాయన రేకుల లారీ అడ్డం నిలిస్తే స్కూలు బండి అరగంట కదలదన్నాడు. అబద్ధమేమీ కాదు. వీధివాళ్లలో కూడా ఒకరిద్దరు తల ఊపారు. మరొక ముసలాయన లేచి కుక్కల గురించి ఎత్తుకున్నాడు. ఇది కుక్కల విచారణ కాదని అధ్యక్షురాలు చెప్పింది. ఆ కుక్కలు పడుకునేది ఆ వీధిలోనే కదా అన్నాడాయన. గంట మోగింది. ఆయన కూర్చున్నాడు కానీ గొణుగుడు ఆపలేదు.

వీధి తరఫున గరాటు మామ లేచాడు. ఎదురింటి ఆయన. గరాటులు చేస్తాడు, గొంతు కూడా అలాగే ఉంటుంది. కమిటీలో ఒక్కొక్కరికీ విడివిడిగా నమస్కారం పెట్టాడు. లాయరుకి పెట్టాడు. ఫ్లాట్ల వాళ్లకి పెట్టాడు. ఇక విషయానికి వస్తానన్నాడు. గంట మోగింది.

హాలంతా నవ్వింది. గరాటు మామ కూడా నవ్వి, ఇంకొంచెం టైము అడిగాడు. ఇచ్చారు.

ఆయన మొదలుపెట్టేలోగా బిల్డరు లాయరు లేచాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఎవరినీ తిట్టలేదు. కమిటీవారే స్వయంగా వెళ్లి చూశారు, పనిరోజు, పనివేళ, ఒక్క సుత్తి మోగలేదు. పని ఎప్పుడో ఆగిపోయింది, పేరు మాత్రం మిగిలింది అన్నాడు. పేరు తీసేస్తే ఎవరికీ ఏమీ పోదన్నాడు.

అధ్యక్షురాలు గరాటు మామ వైపు చూసింది.

"మేం వచ్చిన రోజు మీరంతా ఇళ్లలోనే ఉన్నారు. మరి పని ఎందుకు చెయ్యలేదు?"

"గుడ్డ కట్టి ఉందండి," అన్నాడు గరాటు మామ.

అదేమిటని ఆవిడ అడిగింది. ఆయన చెప్పాడు. పక్కింట్లో జ్వరపు మనిషి ఉంటే మీరు మాత్రం రేడియో పెద్దగా పెడతారా అమ్మా అని అడిగాడు. ఫ్లాట్ల వైపు నుంచి ఎవరో, మా ఇళ్లలో అందరికీ రోజూ తలనొప్పే, మాకూ ఒక గుడ్డ ఇప్పించండి అన్నారు. మళ్లీ నవ్వులు.

అధ్యక్షురాలు నవ్వలేదు.

"ఆ రోజు ఎవరింటికి కట్టి ఉంది?"

గరాటు మామ నోరు తెరిచి మూసుకున్నాడు. అయినా వీధివాళ్లందరి తలలూ ఒకవైపే తిరిగాయి.

కొడుకు కుర్చీలో ముందుకి జరిగాడు. లేవబోతున్నాడు. చెల్లెలి పేరు ఎత్తబోతున్నాడు. పెద్దాయనకి తెలుసు. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, దాని మీదే బరువు మోపి తను లేచాడు.

మెడ తిప్పి వెనక గోడ వైపు చూశాడు. కూతురు తల అడ్డంగా ఊపింది. వద్దు అని.

నోరు మూసుకుంటే మేడ మీద గది లేస్తుంది. మంచం ఇటు, కిటికీ అటు. పొద్దున్నే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. నాన్నా, టీ తాగావా అని ఒక గొంతు పైనుంచి వస్తుంది. ఆయన ఇన్నాళ్లూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇది కూడా అడగలేదు. అడక్కుండానే చేతికి అందేలా ఉంది.

"మా ఇంటికండి," అన్నాడు.

"ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"లేదండి. అందరూ బాగానే ఉన్నారు."

"మరి ఎవరు కట్టారు?"

"నేనే కట్టాను."

కొడుకు తలెత్తి తండ్రి ముఖం చూశాడు. వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎందుకు కట్టారని అధ్యక్షురాలు అడిగింది. ఈసారి గొంతు కాస్త తగ్గించింది.

పెద్దాయనకి పదిమంది ముందు మాట్లాడే అలవాటు లేదు. బల్ల మీద గంట వైపు చూస్తూ చెప్పాడు.

"మా అమ్మాయి వచ్చిందండి. పాత మంచం మీద నడుం వాల్చింది. నిద్రపట్టేసింది. పెళ్లయ్యాక ఆ మంచం మీద అది నిద్రపోవడం నేను చూడలేదు. లేపబుద్ధి కాలేదు."

ఇంకేమైనా చెబుతారా అని అధ్యక్షురాలు అడిగింది. ఏమీ లేదండి అని ఆయన కూర్చున్నాడు.

కమిటీ వాళ్లు తలలు దగ్గర పెట్టుకున్నారు. ఆ రోజు చూసింది లెక్కలోకి తీసుకోబోమన్నారు. ఈ వారంలోనే ఒక పొద్దున మళ్లీ వస్తామన్నారు. ఏ రోజో ముందుగా చెప్పబోమన్నారు. పని సాగుతుంటే పనుల వీధిగానే ఉంటుంది. సాగకపోతే అర్జీ ఒప్పుకుంటాం, ఇక అదే ఆఖరు అన్నారు.

గరాటు మామ కమిటీకి మళ్లీ ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టాడు.

కూతురు మెట్ల దగ్గర, నీళ్ల కుండీ పక్కన నిలబడి ఉంది. కొడుకూ కోడలూ ఆమె పక్కనుంచే దిగారు. వదిన ఆగబోయింది. అన్న ఆగలేదు. అతనికి చెల్లెలి ముఖం చూసే మొహం లేదు. పదడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే, ఆ చెప్పు కుట్టించుకో, కాలు బెణుకుతుంది అన్నాడు.

తండ్రీ కూతురూ మిగిలారు.

"ఎందుకు చెప్పావు నాన్నా?"

"అన్నయ్య నిన్ను అంటున్నాడు."

"అననీ. నాలుగు రోజులు అంటాడు. మేడ మీద గది ఉంటే రోజూ కనబడతాను, వాడే మరిచిపోతాడు. అందుకే కదా నేను నోరు మెదపలేదు."

"నేనే కట్టానని నీకు తెలుసా?"

కుండీ కొళాయి నుంచి నీటిబొట్లు పడుతున్నాయి. ఆమె బిగించింది. అయినా పడుతూనే ఉన్నాయి.

"ఆ రోజు నేను నిద్రపోలేదు నాన్నా."

"పోయావు. నేను చూశాను కదా."

"సుత్తి మోగినంతసేపూ పోయాను. నువ్వు ఆపగానే మెలకువ వచ్చేసింది. నువ్వు గుడ్డ తీసిన చప్పుడు విన్నాను. వీధంతా ఒక్కొక్కటే ఆగిపోవడం విన్నాను. తర్వాత నువ్వు వచ్చి గదిలోకి తొంగిచూశావు. చాలాసేపు ఉన్నావు."

"కళ్లు తెరవచ్చు కదా."

"నా కోసం కట్టావు కదా. ఎలా తెరుస్తాను?"

పెద్దాయనకి గుర్తొచ్చింది. పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ పిల్ల ఉయ్యాల దాగలి పక్కనే ఉండేది. సుత్తి పడుతుంటే హాయిగా పడుకునేది. ఆగితే లేచి ఏడుపు మొదలుపెట్టేది. వీధిలో పిల్లలందరికీ చప్పుడుతో ఏడుపు, నీ పిల్లకి నిశ్శబ్దంతో ఏడుపు అని గరాటు మామ ఎగతాళి చేసేవాడు. పెద్దాయన అన్నానికి లేస్తే ఆ మామే వచ్చి, దాగలి మీద ఉత్త రేకు పెట్టి కొడుతూ కూర్చునేవాడు. ఇంత తెలిసిన తండ్రి ఆ రోజు గుడ్డ కట్టాడు. పెద్దయ్యాక మనుషులు మారతారనుకున్నాడు.

"అక్కడ మా ఇంట్లో చప్పుడు ఉండదు నాన్నా," అంది కూతురు. "ఆయన పడుకుంటే చెంచా కూడా మోగనివ్వను. కుట్టుమిషను కూడా అమ్మేశాను. ఇంట్లో నడిచినా నా అడుగు నాకే వినబడదు. ఆయన తప్పేమీ లేదు. కానీ నాకు నిద్ర పట్టదు."

"మరి సుత్తులు పోతే ఇక్కడ మాత్రం ఎలా పడుతుందమ్మా?"

ఆమె చెప్పు పట్టీ వైపు చూసుకుంది.

"కింద నువ్వుంటావు కదా," అంది.

బస్సు వస్తోందని వెళ్లిపోయింది. తెగిన చెప్పు ఈడ్చుకుంటూ వెళ్లింది. పెద్దాయన ఆ చప్పుడు వినబడినంతసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ తర్వాత రోజుల్లో వీధి ఎన్నడూ లేనంతగా మోగింది. తెల్లారకముందే షట్టర్లు లేచాయి. పని ఉన్నవాళ్లు కొట్టారు, లేనివాళ్లు పాత రేకులు సాపు చేస్తూ కొట్టారు. ఆఫీసు జీపులా తెల్లటి బండి ఏది కనబడినా వీధి చివర నుంచి ఈల వినబడేది. ఒకసారి పాలబండికి ఈల వేశారు. కొడుకు తండ్రితో గుడ్డ మాట ఎత్తలేదు. అన్నం దగ్గర ఒక్కసారి మాత్రం, చెల్లెలికి ఫోను చేస్తే ఎత్తడం లేదన్నాడు.

పెద్దాయన మేడ ఎక్కడం మానేశాడు. నిచ్చెన గోడకే ఆనుకుని ఉంది. కోడలు దాన్ని తీసి లోపల పెట్టబోతే, ఉండనీ అన్నాడు.

వాళ్లు చెప్పిన వారంలో మిగిలిన ఆఖరి పొద్దున ఆయన పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. సబ్బు చెవిలోకి పోయిందనుకున్నాడు. తల విదిలించాడు. చెవి బాగానే ఉంది. సుత్తులే లేవు.

ముఖం తుడుచుకోకుండానే ముందుకి వచ్చాడు.

తలుపు గొళ్లేనికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. రెండు ముళ్లు. గడప పక్కన చెప్పుల జత. ఒకదాని పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది.

కొడుకు వీధిలో నిలబడ్డాడు. చేతులు రెండూ నడుం మీద ఉన్నాయి. కోపం లేదు ముఖంలో. ఏం చెయ్యాలో తెలియని ముఖం.

"ఇప్పుడే వచ్చింది," అన్నాడు. "పలకరిస్తే పలకలేదు. గుడ్డ కట్టి లోపలికి పోయి పడుకుంది. విప్పమనండి నాన్నా. మీరు చెబితే వింటుంది."

ఎదురు అరుగు మీద గరాటు మామ సుత్తి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వీధిలో మిగతావాళ్లు కూడా అలాగే. చేతులు దించుకుని, ఈ గుమ్మం వైపే చూస్తున్నారు.

"ఏం బావా, అమ్మాయికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు గరాటు మామ.

పెద్దాయన తడి ముఖం భుజానికి తుడుచుకున్నాడు.

వీధి చివర ఈల వినబడింది. ఈసారి పాలబండి కాదు. తెల్లటి జీపు మలుపు తిరిగింది. ముందు సీట్లో అధ్యక్షురాలు ఉంది. కళ్లద్దాలు నెత్తిమీద ఉన్నాయి.

పెద్దాయన లోపలికి వెళ్లాడు. వెనక గది తలుపు ఓరగా తెరిచి ఉంది. కూతురు తన మంచం మీద, తన దిండు మీద, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. కళ్లు మూసుకుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఇంత నిశ్శబ్దంలో ఆ పిల్ల నిద్రపోదని ఇప్పుడు ఆయనకి తెలుసు.

పిలవలేదు. దాగలి ముందుకి వచ్చి కూర్చున్నాడు. నిన్న సగంలో ఆపిన మూత అక్కడే ఉంది. దాన్ని సరిచేసి పెట్టాడు. అక్కడ కూర్చుంటే గుమ్మానికి కట్టిన గుడ్డ ఒకవైపు, మంచం ఒకవైపు కనబడతాయి.

బయట జీపు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

కూతురి కనురెప్ప కదిలింది. తెరుచుకోలేదు.

ఆయన సుత్తి పట్టుకున్నాడు. చెయ్యి పైకి లేచింది.